తిప్పి పంపినవాళ్ల లెక్క ఏ రిజిస్టరులో ఉంది?

రైతు సేవ కోసం, ప్రజల సేవ కోసం అని బోర్డు పెట్టుకున్న ఆఫీసులు మన ఊళ్లో, మన మండలంలో ఎన్ని ఉన్నాయో ఒక్కసారి వేళ్ల మీద లెక్కపెట్టండి. రైతు సేవా కేంద్రం, సహకార సొసైటీ, సచివాలయం, అంగన్‌వాడీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, రేషన్ షాపు, సంక్షేమ హాస్టలు, పశువుల ఆసుపత్రి, ఉపాధి హామీ ఆఫీసు, బ్యాంకు, తహసీల్దారు ఆఫీసు. రెండు చేతుల వేళ్లూ చాలవు. వీటిలో చాలావాటి జీతాలు, అద్దెలు, కరెంటు బిల్లులు మన పన్నుల్లోంచే పోతున్నాయి. సబ్బుబిళ్ల కొన్న కూలీ కూడా ఇందులో తన వాటా కడుతూనే ఉన్నాడు.

ఇవి ఎలా నడుస్తున్నాయని జిల్లా ఆఫీసులో అడిగితే బ్రహ్మాండంగా నడుస్తున్నాయని చెబుతారు. కంప్యూటరు తెర తిప్పి చూపిస్తారు. ఆకుపచ్చ గీతలు, నూటికి 96, నూటికి 98, జిల్లాకు ఫలానా ర్యాంకు. అదే ప్రశ్న కౌలు రైతును అడగండి. ఆయన దగ్గర తెర లేదు, శాతం లేదు. "నాలుగుసార్లు పోయాను, రేపు రమ్మన్నారు" అంటాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది మన సేవా సంస్థల పరిస్థితి.

ఈ రెండు జవాబుల్లో ఏది నిజం? నా మాట ఏమిటంటే రెండూ నిజమే కావచ్చు. వాళ్లు కొలిచింది వేరు, మనకు జరిగింది వేరు. కాబట్టి తగాదా అంకెల మీద కాదు. ఎవరు కొలుస్తున్నారు, దేనితో కొలుస్తున్నారు, ఎవరిని అడిగి కొలుస్తున్నారు అన్న మూడు ప్రశ్నల మీద. యూనియన్ ఇన్నాళ్లూ ధరల మీద, రుణాల మీద, నీళ్ల మీద కొట్లాడింది. ఇక ఈ కొలత మీద కూడా కొట్లాడాలి. ఎందుకంటే కొలత వాళ్ల చేతిలో ఉన్నంతకాలం మన అన్యాయం వాళ్ల కాగితాల్లో విజయంగానే నమోదవుతుంది.

చేసిన పనా, అందిన సాయమా?

ఏ సంస్థకైనా తేలిగ్గా లెక్కపెట్టగలిగేది తాను చేసిన పని. ఎన్ని శిక్షణ తరగతులు పెట్టాం, ఎన్ని కరపత్రాలు పంచాం, ఎన్ని ఫొటోలు ఎక్కించాం, ఎన్ని అర్జీలు "పరిష్కరించాం". రైతుకు కావలసిన లెక్క వేరు. అదునులో విత్తనం వచ్చిందా, పదును పోకముందే ఎరువు అందిందా, ధాన్యం కళ్లంలో తడవకముందే కాటా పడిందా, డబ్బు ఎన్నో రోజుకు ఖాతాలో పడింది? మొదటి లెక్క ఆఫీసు బల్ల మీద దొరుకుతుంది. రెండో లెక్క కావాలంటే పొలం దాకా నడవాలి. అందుకే మొదటిదే రాస్తారు.

2020 మే 30న మన రాష్ట్రంలో రైతు భరోసా కేంద్రాలు మొదలయ్యాయి. ఆ తర్వాత వాటి సంఖ్య 10,778 అని ప్రతి సభలో విన్నాం. ప్రభుత్వం మారింది, 2024లో రైతు సేవా కేంద్రాలని పేరు మారింది. ఆలోచన చెడ్డది కాదు. ఊళ్లోనే విత్తనం, ఎరువు, సలహా, పంట నమోదు, కొనుగోలు అంటే ఎవరు కాదంటారు? కానీ 10,778 అనేది భవనాల లెక్క. ఆ భవనాల్లోకి అడుగుపెట్టిన కౌలు రైతుకు పంట నమోదు తన పేరు మీద జరిగిందా, భూమి యజమాని పేరు మీద జరిగిందా అన్నది సేవ లెక్క. పంట నష్టపరిహారం, బీమా, ధాన్యం డబ్బు ఏ ఖాతాకు పోతాయన్నది ఆ ఒక్క నమోదు మీదే ఆధారపడి ఉంటుంది. పేరు మార్చిన ప్రభుత్వమూ, పేరు పెట్టిన ప్రభుత్వమూ ఊరి వారీగా ఈ లెక్క గోడ మీద రాయలేదు.

కొన్ని ఆఫీసుల్లో గోడకు ఐఎస్‌వో సర్టిఫికెట్టు తగిలించి ఉంటుంది. దాన్ని చూసి మనం బెదిరిపోనక్కరలేదు. పని ఒక పద్ధతి ప్రకారం నడుస్తోందని, కాగితాలు వరసలో ఉన్నాయని మాత్రమే ఆ సర్టిఫికెట్టు చెబుతుంది. పేదవాడికి న్యాయం జరిగిందని చెప్పదు. పద్ధతి ప్రకారం తిప్పి పంపినా సర్టిఫికెట్టు గోడ మీద అలాగే ఉంటుంది.

ఫొటో హాజరు సంగతి చూడండి. ఉపాధి హామీ పనుల్లో దొంగ మస్టర్లు ఆపుతామని సెల్‌ఫోన్ యాప్ తెచ్చి, 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫొటో. సిగ్నల్ లేని చోట కూలీల హాజరు పోయింది, కూలి పోయింది. దొంగతనం ఆగిందా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసిన ఉత్తరంలో జరుగుతున్న మోసాలు ఏకరువు పెట్టింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారు, ఫొటోలో ఉన్న మనుషులకూ మస్టరులో ఉన్న మనుషులకూ పొంతన లేదు అని. దొంగ తప్పించుకునే దారి కనిపెట్టుకున్నాడు, నిజంగా పలుగు పట్టినవాడు సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడ్డాడు. మనిషిని అడగకుండా యంత్రాన్ని అడిగితే వచ్చే ఫలితం ఇదే.

వసూలు శాతం నేర్పిన పాఠం

తప్పుడు కొలత ఎంత ప్రమాదమో మన తెలుగు పల్లెలకు ఒకరు చెప్పనక్కరలేదు. 2010కి ముందు సూక్ష్మరుణ సంస్థలు పేద మహిళల సేవ పేరుతో ఊరూరా వెలిశాయి. తాము బాగా పనిచేస్తున్నామనడానికి వాళ్లు చూపిన రుజువు ఒక్కటే, వసూలు శాతం. నూటికి 98, 99 వసూలవుతోంది కాబట్టి పేదలకు మేలు జరుగుతోందని పెద్ద పెద్ద సభల్లో చెప్పారు, పత్రికలు రాశాయి, బ్యాంకులు నమ్మి డబ్బు పోశాయి.

ఆ 98 వెనక ఏముంది? ఒక సంస్థ వాయిదా కట్టడానికి ఇంకో సంస్థ దగ్గర తెచ్చిన అప్పు ఉంది. తాకట్టు పెట్టిన పుస్తెలు, అమ్ముకున్న గేదె ఉన్నాయి. గ్రూపులో ఒకామె కట్టకపోతే మిగతా ఆడవాళ్ల చేతే ఆమె గుమ్మం ముందు గొడవ చేయించడం ఉంది. చివరకు ఆత్మహత్యల దాకా పోయాక, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పుడు గానీ ఆ శాతం వెనక ఉన్న బతుకులు బయటపడలేదు. అప్పటిదాకా కొలత "అద్భుతం" అనే చెప్పింది. పశువుకు జ్వరం వచ్చిందో లేదో చూడకుండా, ఎన్ని లీటర్లు పిండామో మాత్రమే రాసుకున్నట్టుంది ఆ లెక్క.

ఇందులో ప్రభుత్వ సంస్థలకూ, స్వచ్ఛంద సంస్థలకూ తేడా లేదు. స్వచ్ఛంద సంస్థ రిపోర్టు దాతకు పోతుంది. ప్రభుత్వ ఆఫీసు రిపోర్టు పై అధికారికి పోతుంది. రెండూ పైకే పోతాయి. సాయం అందుకోవలసినవాడు కింద ఉన్నాడు. అతని ముందు ఆ రిపోర్టు చదివి వినిపించిన సంస్థలు ఎన్ని?

తన పరీక్ష తానే దిద్దుకునే కమిటీ

ఇప్పుడు అన్నిటికన్నా నొప్పి కలిగించే విషయానికి వస్తాను. రైతు ఆత్మహత్య చేసుకున్న కుటుంబానికి సాయం ఇవ్వడానికి 2004 జూన్‌లో 421 నంబరు జీవో వచ్చింది. అప్పుడు లక్షన్నర రూపాయలు. 2015లో మన రాష్ట్రంలో 5 లక్షలు చేశారు, 2019లో 7 లక్షలు చేశారు. ప్రతి పెంపూ ఉద్యమాల ఒత్తిడితో వచ్చిందే. కానీ 2004 నుంచీ మారనిది ఒకటుంది. ఆ చావు రైతు చావా కాదా అని తేల్చేవాళ్లు మారలేదు.

మండలంలో తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి విచారిస్తారు. డివిజన్‌లో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకులు కలిసి తేలుస్తారు. త్రిసభ్య కమిటీ అంటాం. ఈ ముగ్గురినీ ఒక్కసారి వరసగా నిలబెట్టి చూడండి. కౌలు కార్డు ఇవ్వవలసింది రెవెన్యూ శాఖ. విత్తనం, ఎరువు, పంట నమోదు, సలహా చూడవలసింది వ్యవసాయ శాఖ. వడ్డీ వ్యాపారి ఇంటి మీదికొచ్చి బెదిరిస్తే అడ్డుకోవలసింది పోలీసు శాఖ. ఈ మూడు శాఖలూ తమ పని చేసి ఉంటే ఆ మనిషి పురుగుమందు డబ్బా దాకా పోయేవాడా అన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాళ్లే ఇక్కడ తీర్పరులు. "అప్పుల వల్ల, పంట నష్టం వల్ల చనిపోయాడు" అని రాస్తే తమ శాఖ వైఫల్యం ఒప్పుకున్నట్టు. "కుటుంబ కలహాలు", "తాగుడు", "కడుపునొప్పి" అని రాస్తే ఎవరి తప్పూ లేదు. పిల్లవాడి పరీక్ష పేపరు పిల్లవాడి చేతికే ఇచ్చి దిద్దుకోమంటే ఎన్ని మార్కులు వేసుకుంటాడో ఈ కమిటీ కూడా అన్నే వేసుకుంటుంది.

ఇక ఆ ఇల్లాలిని అడిగే కాగితాలు చూడండి. పట్టాదారు పాసుపుస్తకం, కౌలు పత్రం, బ్యాంకు అప్పు కాగితం, ప్రైవేటు అప్పు ప్రోనోటు, ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఫోరెన్సిక్ రిపోర్టు, వారసత్వ పత్రం. కౌలు నోటిమాట మీద నడుస్తుందని ఊళ్లో చిన్నపిల్లవాడికి తెలుసు. ప్రోనోటు వడ్డీ వ్యాపారి బీరువాలో ఉంటుందని అందరికీ తెలుసు. లేని కాగితం తెమ్మనడం, తేలేదని తోసిపుచ్చడం, తోసిపుచ్చాక "అర్హులు ఇంతమందే" అని అసెంబ్లీలో చదవడం. చావుల సంఖ్య తగ్గినట్టు కనపడే దారుల్లో ఇదొకటి.

దేశం మొత్తం మీద 2022లో వ్యవసాయ రంగంలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకటించింది. అందులో రైతులు 5,207, వ్యవసాయ కూలీలు 6,083. కాగితం లేని కౌలు రైతు ఈ రెండు గడుల్లో ఏ గడిలో పడతాడు? మూడెకరాలు నోటిమాట కౌలుకు చేస్తూ, పని లేని రోజు కూలికి పోయే మనిషిని స్టేషన్ రైటరు ఏమని రాస్తాడు? ఆ గడిని బట్టే ప్రభుత్వం దృష్టిలో అతని బతుకేమిటో తేలుతోంది.

గేటు బయటివాళ్లు

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఏ ఆఫీసు రిజిస్టరులోనైనా ఉండేది ఎవరు? లోపలికి వచ్చినవాళ్లు, అర్జీ తీసుకోబడినవాళ్లు, రసీదు దొరికినవాళ్లు. గేటు దగ్గరే "నీకు రాదు పో" అనిపించుకున్నవాడు ఏ రిజిస్టరులోనూ లేడు. నాలుగు రోజులు తిరిగి విసిగి మానుకున్నవాడు లేడు. వేలిముద్ర పడక రేషన్ వదులుకున్న ముసలమ్మ, "స్టాకు లేనట్టు" అయిపోయిన ఎరువు బస్తా, ఊళ్లో ఉంటూ అంగన్‌వాడీకి రాలేని వలస కూలీ బిడ్డ ఎక్కడా లేరు.

అందుకని వచ్చిన అర్జీల్లో నూటికి 98 పరిష్కరించాం అని ఆఫీసు చెప్పేది అబద్ధం కానక్కరలేదు. 200 మంది వస్తే 100 మందిని గేటు దగ్గరే పంపేసి, మిగతా 100లో 98 మందికి పని చేసినా ఆ శాతం 98గానే ఉంటుంది. ఎక్కువమందిని బయటే ఆపిన ఆఫీసుకే మంచి ర్యాంకు వస్తుంది. కష్టమైన కేసు తీసుకున్న ఆఫీసు శాతం పడిపోతుంది. ఈ కొలత మంచి ఉద్యోగిని శిక్షించి, తప్పించుకునేవాడికి శాలువా కప్పుతుంది.

2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం దీనికి సరైన ఉదాహరణ. అంతకుముందు 2011 చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డు పోయి, భూమి యజమానితో 11 నెలల ఒప్పందం రాసుకుంటే ఇచ్చే కార్డు వచ్చింది. యజమాని సంతకం పెడితేనే కౌలు రైతు "కౌలు రైతు" అవుతాడు. సంతకం పెట్టనివాడి కౌలు రైతు అర్జీ పెట్టనే లేడు. అర్జీ పెట్టలేదు కాబట్టి తిరస్కరించిన లెక్కలోనూ లేడు. ఇన్ని వేల కార్డులు లక్ష్యం, ఇన్ని ఇచ్చాం, లక్ష్యం నెరవేరింది. ఊళ్లో నిజంగా ఎంతమంది కౌలు చేస్తున్నారో లెక్క తీసి, దానితో ఈ కార్డుల సంఖ్యను పోల్చి చెప్పిన ఆఫీసు ఉంటే చూపించండి, ఈ పత్రికలోనే అభినందన రాద్దాం.

మన నేల మీదే పుట్టిన దారి

దీనికి మందు లేదా? ఉంది. విదేశాల నుంచి తెచ్చుకోనక్కరలేదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 చివర్లో ఊరి మధ్య జనసభ పెట్టి, కూలీల మస్టర్లు, సిమెంటు బిల్లులు చదివి వినిపించింది. చనిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లో లేనివాళ్ల పేర్లు మస్టర్లలో ఉన్నాయని జనమే లేచి చెప్పారు. మా డబ్బుకు మా లెక్క మాకు కావాలన్న ఆ డిమాండే పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టానికి ఒక పునాది అయింది.

2005 ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ చేసే అధికారం ఇచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికి ప్రత్యేక సొసైటీ పెట్టారు. దేశం మొత్తం మన దగ్గరికి వచ్చి నేర్చుకుంది.

అందులో గొప్పతనం ఏమిటి? కూలీల కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, వాళ్ల సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపారు. వాళ్లు ఇంటింటికీ పోయి "ఫలానా వారంలో నువ్వు ఇన్ని రోజులు పని చేశావని రాసి ఉంది, నిజమేనా, ఎంత డబ్బు వచ్చింది?" అని అడిగారు. చెరువు దగ్గరికి పోయి టేపు పట్టి కొలిచారు. గ్రామసభలో చదివారు. ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారులను ఎదురుగా కూర్చోబెట్టారు. కొలిచేవాడు ఆ ఆఫీసు మనిషి కాడు. అడిగింది అందుకోవలసినవాడిని. చదివింది ఊరి ముందు. నేను మొదట్లో చెప్పిన మూడు ప్రశ్నలకూ ఇక్కడ జవాబు ఉంది.

ఈ పద్ధతిలో లోపాలు లేవని చెప్పను. తిన్నారని తేలిన డబ్బులో తిరిగి వసూలైంది చిన్న భాగం. శిక్ష ఎక్కువగా కింద ఉన్న ఫీల్డ్ అసిస్టెంటుకు పడింది, పైన సంతకాలు పెట్టినవాళ్లు బదిలీతో బయటపడ్డారు. చాలాచోట్ల తనిఖీ మొక్కుబడి తంతుగా మారింది. ఊరి పెద్దల ముందు నోరు విప్పలేక కూలీలు మౌనంగా కూర్చున్న సభలూ ఉన్నాయి. కానీ నాగలి కర్రు మొద్దుబారితే కొలిమికి తీసుకుపోతాం గానీ వ్యవసాయం మానుకోం కదా. తనిఖీకి పదును పెట్టాలి, దాన్ని మిగతా ఆఫీసులన్నిటికీ పాకించాలి. 2013 ఆహార భద్రత చట్టం 28వ సెక్షన్ రేషన్ షాపులకూ సామాజిక తనిఖీ జరగాలని చెబుతోంది. మేఘాలయ రాష్ట్రం 2017లో ప్రభుత్వ పథకాల సామాజిక తనిఖీకి ఏకంగా ఒక చట్టమే చేసింది. పద్ధతిని దేశానికి నేర్పిన మనకు ఆ చట్టం ఎందుకు లేదు?

"జనానికేం తెలుసు" అనేవాళ్లకు

ఈ మాట ఎత్తగానే వచ్చే అభ్యంతరాలు మూడు. మొదటిది, ఆఫీసు నిర్వహణ సాంకేతిక విషయం, చదువు లేని జనానికేం తెలుస్తుందని. చెప్పు చేసే పని మోచీకి తెలుసు, ఒప్పుకుంటాం. కానీ ఎక్కడ కరుస్తోందో తొడుక్కున్నవాడికే తెలుసు. బడ్జెట్ పద్దులు ఎలా రాయాలో మేము చెప్పం. బస్తా అందిందా లేదా అన్నది చెప్పడానికి డిగ్రీ అక్కరలేదు.

రెండోది, గ్రామసభ పెడితే పార్టీల గొడవలు వస్తాయని. వస్తాయి. మూసిన తలుపుల వెనక పార్టీలు లేవా? అర్హుల జాబితా ఏ నాయకుడి ఇంట్లో తయారవుతుందో ఊరందరికీ తెలుసు. తలుపు తీస్తే కనీసం ఎవరు ఎవరి పేరు కొట్టేశారో కనపడుతుంది.

మూడోది కాస్త ఆలోచించవలసింది. కింది ఉద్యోగులు ఇప్పటికే నలిగిపోతున్నారు, ఇంకో తనిఖీ వాళ్ల నెత్తిన పెడతారా అని. ఇందులో నిజం ఉంది. గ్రామ వ్యవసాయ సహాయకుడు పంట నమోదుకు, సర్వేలకు, ఇంకో నాలుగు శాఖల పనులకు తిరుగుతున్నాడు. అంగన్‌వాడీ కార్యకర్త బిడ్డ బరువు తూచాలా, యాప్‌లో ముఖం పట్టాలా అన్నట్టుంది. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు సమ్మె చేస్తే, వాళ్ల మీద ఎస్మా పెట్టారు. అప్పుడు వాళ్లకు వచ్చేది నెలకు 11,500, ఆయాలకు 7,000. సేవ నాసిరకంగా ఉందని మనం కోప్పడితే ఆ కోపం ఎవరి మీద పడాలి? గుడ్డు రాకపోతే సరఫరా కాంట్రాక్టు ఇచ్చినవాడి మీద పడాలి. ఖాళీ పోస్టు నింపకపోతే ఆర్థిక శాఖ మీద పడాలి.

కాబట్టి మనం అడిగే తనిఖీ ఉద్యోగిని పట్టుకునే వల కాకూడదు. ఈ సంస్థకు మంజూరైన పోస్టులెన్ని, ఉన్నదెందరు, రావలసిన డబ్బెంత, వచ్చిందెంత, ఎప్పుడొచ్చింది అన్నది తనిఖీలో మొదటి పేజీ కావాలి. మనిషినీ, డబ్బునూ, సరుకునూ ఇవ్వకుండా శాతాలు అడిగిన పైఅధికారి కూడా అదే బల్ల ముందు కూర్చోవాలి. అప్పుడు నిజాయితీగా పనిచేసే చిన్న ఉద్యోగి మనకు శత్రువు కాడు, మన పక్షాన నిలిచే సాక్షి అవుతాడు.

మన సొసైటీ సంగతేమిటి?

ఇంకొకటి. మన పేరు మీద ఉన్న సంస్థను మనం అడగకపోతే ఎవరినీ అడిగే అర్హత ఉండదు. ప్రాథమిక సహకార సొసైటీ రైతుల సొంత సంస్థ. వాటా ధనం మనది, సభ్యత్వం మనది. మన రాష్ట్రంలో వాటికి ఎన్నికలు జరిగింది 2013లో. తెలంగాణలో 2020లో జరిగాయి. మనకు మాత్రం పాలకవర్గాల గడువు తీరాక అధికారులు, లేదా అధికార పార్టీ నియమించిన కమిటీలు. ప్రభుత్వం మారినప్పుడల్లా కుర్చీల్లో మనుషులు మారుతున్నారు, రైతు వేలు మీద సిరా చుక్క మాత్రం పడటం లేదు. ఓటుతో అడగలేని సంస్థను ఆడిట్ రిపోర్టుతో అడగగలమా? ఎవరికి ఎంత అప్పు ఇచ్చారు, అందులో కౌలు రైతులెందరు, మొండి బకాయిలు ఎవరివి అని సర్వసభ్య సమావేశంలో చదివించుకుందాం. అదే న్యాయం మన యూనియన్‌కూ వర్తించాలి. సభ్యత్వ రుసుం ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఎన్ని కేసులు చేపట్టాం, ఎన్ని మధ్యలో వదిలేశాం అన్నది ఏటా మహాసభలో గ్రామ శాఖల ముందు పెట్టాలి. అద్దం ఎదుటివాడికి పట్టే ముందు మన ముఖం కూడా అందులో చూసుకోవాలి.

మనం అడగవలసినవి

ఒకటి. ప్రతి సేవా ఆఫీసులో తిరస్కార రిజిస్టరు పెట్టాలి. అర్జీ తీసుకోకపోయినా, సరుకు లేదన్నా, అర్హత లేదన్నా కారణం రాసి, తేదీ వేసి, సంతకంతో చీటీ ఇవ్వాలి. ఆ రిజిస్టరు ప్రతి గ్రామసభలో చదవాలి. ఈ ఒక్కటి సాధిస్తే సగం రోగం కుదురుతుంది. నోటితో "పో" అన్నంత తేలిగ్గా సంతకం పెట్టి "పో" అనలేరు.

రెండు. త్రిసభ్య కమిటీ స్వరూపం మారాలి. రైతు సంఘాల ప్రతినిధి, గ్రామసభ ఎన్నుకున్న మహిళ, ఆ శాఖలకు సంబంధం లేని స్వతంత్ర వ్యక్తి అందులో ఉండాలి. కాగితం లేని కౌలుకు చుట్టుపక్కల పొలం రైతుల సాక్ష్యం చాలాలి. తిరస్కరించిన ప్రతి కేసుకూ రాతపూర్వక కారణం కుటుంబానికి ఇవ్వాలి, దాని మీద అప్పీలు ఉండాలి.

మూడు. సామాజిక తనిఖీ చట్టం చేయాలి. రైతు సేవా కేంద్రాలు, సొసైటీలు, ధాన్యం కొనుగోలు, హాస్టళ్లు, అంగన్‌వాడీలు, ఆరోగ్య కేంద్రాలు అన్నీ దాని కిందికి రావాలి. తనిఖీ చేసే సంస్థకు జీతం తనిఖీకి గురయ్యే శాఖ చేతి నుంచి రాకూడదు.

నాలుగు. ఊరి వారీగా సాగు చేస్తున్న కౌలు రైతుల లెక్క యజమాని సంతకంతో సంబంధం లేకుండా గ్రామసభలో తీయాలి. ఆ సంఖ్య పక్కనే ఇచ్చిన కార్డులు, పంట నమోదు, పంట రుణం సంఖ్యలు గోడ మీద రాయాలి.

ఐదు. సొసైటీలకు వెంటనే ఎన్నికలు జరపాలి.

ప్రభుత్వం ఇవన్నీ చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ప్రతి గ్రామ శాఖా ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. మీ ఊళ్లో ఎవరు ఏ ఆఫీసుకు ఏ తేదీన పోయారు, ఏం అడిగారు, ఏం చెప్పి పంపారు అన్నది ఆ రోజే రాయండి. చదువుకున్న పిల్లల చేత రాయించండి. ఆడవాళ్లను ప్రత్యేకంగా అడగండి, ఎందుకంటే ఆఫీసుల చుట్టూ ఎక్కువ తిరుగుతున్నది వాళ్లే, తక్కువ చెప్పుకుంటున్నదీ వాళ్లే. సమాచార హక్కు కింద ఆఫీసు లెక్క తెప్పించి, ఈ నోటుబుక్కు పక్కన పెట్టండి. గ్రామసభల్లో రెండూ కలిపి చదవండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగినా పెట్టడం లేదు కాబట్టి, అడిగామన్న రుజువు మన దగ్గర ఉండాలి.

వాళ్ల రిజిస్టరులో లేనివాళ్లందరూ మన నోటుబుక్కులో ఉండాలి. వచ్చే నెల జిల్లా కమిటీ సమావేశానికి ప్రతి గ్రామ శాఖా ఆ నోటుబుక్కుతో రావాలని కోరుతున్నాను.